రోజుకు వంద మంది చూస్తున్నారు, ఫోన్లు మాత్రం రావడం లేదు: సైటును కొత్తగా చేయించాలా?

మీరు అడిగింది ఇది: కూకట్‌పల్లిలో మీకు చిన్న వ్యాపారం ఉంది, మీ సైటును రోజుకు దాదాపు వంద మంది చూస్తున్నారని గూగుల్ అనలిటిక్స్ (సైటుకు వచ్చినవాళ్లను లెక్కపెట్టే గూగుల్ సాధనం) చూపిస్తోంది, అయినా ఫోన్లు రావడం లేదు, మొత్తం కొత్తగా చేయించుకోమని డెవలపరు అంటున్నారు.

వద్దు. కనీసం ఈ నెల వద్దు. నేను వెబ్ డెవలపరును కాను. రాణిగంజ్‌లో పంపుల విడిభాగాలు, మోటారు రివైండింగ్ దుకాణం నడుపుతున్నాను. కానీ ఈ ఒక్క విషయంలో డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవాడిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

35,000 రూపాయలు పెట్టి సైటు చేయించుకున్న కొత్తలో, చేసిన వాళ్లు ప్రతి నెలా వాట్సాప్‌లో రంగురంగుల గ్రాఫులతో ఒక నివేదిక పంపేవారు. అందులో నాకు బాగా నచ్చిన అంకె ఒకటుండేది: సైటుకు వచ్చిన మనిషి సగటున నిమిషంన్నర సేపు ఉంటున్నాడట. మా దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడినవాడే అంతసేపు ఉండడు కదా, జనం సైటును ఎంత శ్రద్ధగా చదువుతున్నారో అని మురిసిపోయి, ఆ అంకెను మా బావమరిదికి కూడా పంపించాను.

ఎండాకాలం మాకు సీజన్. బోర్లలో నీళ్లు కిందికి దిగిపోయి, మోటార్లు వట్టిగా తిరిగి, వైండింగ్ కాలిపోయి దుకాణం ముందు వరుస కడతాయి. అలాంటి ఒక మే నెల మధ్యాహ్నం, పదేళ్లుగా మా దగ్గరికి వచ్చే ప్లంబరు ఒకతను, నాచారంలోని ఒక అపార్టుమెంటు వాళ్ల 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారును ఆటోలో వేసుకుని వచ్చాడు. మా మిస్త్రీ దాన్ని విప్పేలోగా, కొత్త సైటును చూపించి గొప్పలు పోదామన్న ఉద్దేశంతో, టిఫిన్ బాక్సు తెరుస్తూనే అతనికి ఒక పని చెప్పాను: "నువ్వు నాచారంలనే ఉన్నవనుకో. మా సైటు తెరిచి, వైండింగ్‌కు ఎంతయితదో మమ్మల్ని అడగాలె. ఎట్ల అడుగుతవో చెయ్యి."

అతను సైటు తెరిచాడు. తెర చాలాసేపు తెల్లగానే ఉండిపోయింది. అతను చొక్కా అంచుతో ఫోను అద్దాన్ని తుడిచి మళ్లీ చూశాడు. ఆ తరువాత హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న ఒక విదేశీయుడి బొమ్మ, దాని మీద నీటి పరిష్కారాల గురించి ఏదో ఇంగ్లీషు నినాదం వచ్చాయి.

"గీయన ఎవరన్నా? మీ తాన కొత్తగ వచ్చిండా?" అని అడిగాడు.

నోరు మూసుకుని కూర్చోవడం నాకు అలవాటు లేదు. కానీ ఆ సమయంలో నోటినిండా అన్నం ఉండటం వల్ల జవాబు చెప్పలేకపోయాను. ఈ సైటు విషయంలో నాకు జరిగిన మేలు అదొక్కటే. అతను కిందికి జరిపి, మోటారు ఫొటో కనిపించగానే దాన్ని నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు, ఎందుకంటే అది వట్టి ఫొటో. పైన మూలన ఉన్న మూడు గీతలను నొక్కితే మెనూ వస్తుందని అతనికి తట్టలేదు. తట్టినా అందులో "సర్వీసెస్" అని ఉంటుంది తప్ప "వైండింగ్" అన్న మాటే లేదు. చివరికి పైన పట్టీలో మా నంబరు కనబడితే దాన్ని నొక్కాడు, గట్టిగా అదిమిపట్టి చూశాడు, రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఆఖరుకు మా కుర్రాడి దగ్గర పెన్ను తీసుకుని ఆ నంబరును అరచేతి మీద రాసుకుంటూ, "నా ఫోన్‌కే ఏమో అయినట్టుందన్నా, ఒత్తితే పోతలేదు" అన్నాడు.

ఆ నంబరు అక్షరాలు కాదు, బొమ్మ. డెవలపరు మా విజిటింగ్ కార్డును స్కాన్ చేసి పట్టీగా పెట్టేశారు. తప్పు మాది, కానీ అతను తన ఫోన్‌ను అనుమానించాడు. మీ సైటులో దారి దొరకని వంద మందిలో ఒక్కరు కూడా మీకు ఫిర్యాదు చేయరు. తమకే తెలియదనుకుని వెనక్కి వెళ్లి, పక్క దుకాణానికి ఫోన్ చేస్తారు.

అప్పుడు గోడ గడియారం చూస్తే, అతను సైటు తెరిచి సుమారు నిమిషంన్నర అయింది. నేను మా బావమరిదికి పంపిన నిమిషంన్నర అదే. ఇప్పుడున్న గూగుల్ అనలిటిక్స్, అంటే జీఏ4, ఎవరైనా పది సెకన్లకు మించి సైటులో ఉన్నా, రెండు పేజీలు తిప్పినా దాన్ని "ఎంగేజ్డ్ సెషన్", అంటే మనసుపెట్టి చూసిన రాక, కింద రాసుకుంటుంది. ఇష్టపడి చదివినవాడికీ దారి తెలియక తిరిగినవాడికీ ఆ లెక్కలో తేడా లేదు. అందుకే మీ వంద మంది గురించి నాకు అనుమానం. అందులో మీ ఇంట్లోవాళ్లు, మీ డెవలపరు, రోజుకు నాలుగుసార్లు తెరిచి చూసుకునే మీరు ఎంతమంది ఉన్నారో ముందు తీసేయండి.

మేము చేసిన మరమ్మతులకు ఒక్క ఆదివారం పట్టింది. నంబరును అక్షరాలుగా మార్చి, నొక్కితే ఫోన్ వెళ్లే లింకుగా చేసి, పేజీ ఎటు జరిపినా తెర అడుగున కనిపించేలా పెట్టించాను. వాట్సాప్ లింకులో నంబరు ముందు 91 ఉండాలి, ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు. మాకు మొదట సున్నాతో పెట్టి ఇచ్చారు, అది పనిచేయదని రెండు నెలల వరకు ఎవరూ గమనించలేదు. ఫోన్‌తో తీసి ఉన్నవి ఉన్నట్టే ఎక్కించిన ఫొటోలు ఒక్కొక్కటి 4 ఎంబీ పైనే ఉన్నాయి. వాటిని 150 కేబీ లోపుకు కుదించాక తెల్ల తెర బాధ పోయింది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ వాళ్ల కొలమానం, కానీ మన ప్లంబరు చొక్కా అంచు అంతకంటే తేలిక కొలమానం. విదేశీయుడిని తీసేసి మా మిస్త్రీ ఫొటో పెట్టాం. మెనూలో "మోటారు వైండింగ్", "పంపు రిపేరు", "స్టార్టర్ ప్యానెల్" అని జనం వాడే మాటలే రాయించాం.

తెలుగు గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా కరపత్రంలోని తెలుగును చిక్కడపల్లిలో డీటీపీ చేయించాం, అది అను ఫాంట్లలో, అంటే డీటీపీ వాళ్లు వాడే పాతరకం తెలుగు అక్షరాల్లో ఉంది. దాన్ని సైటులో అతికిస్తే పిచ్చి గీతలు వచ్చాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా, కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదవడానికి పెట్టుకున్న ఉమ్మడి పద్ధతి) కాదు. డెవలపరు తేలిక దారి చూసుకుని దాన్నీ బొమ్మగానే పెట్టేశారు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఇన్నేళ్ల తరువాత కూడా మన తెలుగు మాటను గూగుల్ సరిగా చదవలేని బొమ్మగా పెట్టి డబ్బు తీసుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వినియోగ సౌలభ్యం మీద పనిచేసిన జాకబ్ నీల్సన్, నేను ప్లంబరుతో చేయించినట్టు, ఒకరికి సైటిచ్చి పని చెప్పి పక్కన కూర్చుని చూసే పరీక్షకు ఐదుగురు చాలని 2000 సంవత్సరంలోనే రాశారు. నా లెక్కలో ముగ్గురు చాలు, అది కూడా మీ సైటును ఎప్పుడూ చూడనివాళ్లు. మీ అబ్బాయి పనికిరాడు, వాడికి అన్నీ తెలుసు.

అనలిటిక్స్ వద్దనడం లేదు. దేన్ని లెక్కించాలో మీరు దానికి చెప్పాలంటున్నాను. వాట్సాప్ లింకు బయటి సైటుకు వెళ్తుంది కాబట్టి ఆ నొక్కుడును జీఏ4 తనంతట తానే పట్టుకుంటుంది. ఫోన్ నంబరును నొక్కడం మాత్రం విడిగా ఈవెంటుగా, అంటే లెక్కించాల్సిన పనిగా, పెట్టించకపోతే ఎక్కడా నమోదు కాదు. అసలు సైటులో ఉన్న అనలిటిక్స్ కోడ్ పాతదా, కొత్తదా కూడా చూసుకోండి. పాత యూనివర్సల్ అనలిటిక్స్ 2023 జూలై 1 నుంచి కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది. మనుషులు ఎక్కడ నొక్కి విఫలమవుతున్నారో చూడాలంటే మైక్రోసాఫ్ట్ క్లారిటీ అనే సాధనం ఉచితంగా దొరుకుతుంది. వీటన్నిటి పక్కన నేను ఒక 200 పేజీల నోటుబుక్కు పెట్టుకుని, ఫోన్ చేసిన ప్రతివారినీ "మా నంబరు ఎక్కడ దొరికిందండీ?" అని అడిగి రాసుకుంటున్నాను. గ్రాఫులు పంపినవారికి ఈ పుస్తకం చూపిస్తే మాట్లాడరు.

కొత్త సైటుకు డబ్బు కట్టేముందు ఇంకొకటి తేల్చుకోండి: మీ డొమైన్, అంటే మీ సైటు చిరునామా, ఎవరి పేరు మీద ఉంది? మాది డెవలపరు ఖాతాలో ఉండిపోయింది. దాన్ని నా ఖాతాకు బదిలీ చేసుకోవడానికి అవసరమైన కోడ్ కోసం నాలుగు నెలలు తిరిగాను, ప్రతిసారీ "రేపు పంపిస్తాం సార్" అన్నారు. మీ డెవలపరు ఆ కోడ్‌ను అడిగిన వారంలోగా ఇవ్వకపోతే, కొత్త సైటు మాట ఎత్తే అర్హత ఆయనకు లేదని నా అభిప్రాయం.

మా ప్లంబరు ఇప్పటికీ సైటు తెరవడు. ఆ రోజు అరచేతి మీద రాసుకున్న నంబరుకే ఫోన్ చేస్తాడు.