మా వాళ్లకో రూలు, ఊరికో రూలా?

ప్రశ్న: మాది ఒంగోలు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుకి నేనొక్కదాన్నే అడ్మిన్‌ని. 640 మంది ఉన్నారు. ప్లాట్ల ప్రకటనలు శనివారమే పెట్టాలని నియమం. ఒకాయన రెండుసార్లు తప్పితే వెంటనే తీసేశాను. గత నెల మా ఆడపడుచు భర్త రాత్రి పదకొండింటికి ఆనేకల్ ప్లాట్ల ప్రకటన పెట్టారు. నేను పడుకున్నాను, పొద్దున ఎనిమిదింటికి గానీ చూడలేదు. అప్పటికే ‘మీవాళ్లకైతే ఒక రూలు’ అని గోల. కంగారులో ఆయన్ని గ్రూపులోనే హెచ్చరించి, పోస్టు తీసేశాను. ఇప్పుడు ఆడపడుచు మాట్లాడటం లేదు. అత్తగారు ‘అల్లుణ్ణి నలుగురిలో నిలబెట్టావు’ అంటున్నారు. మావారేమో ‘జీతం లేని ఉద్యోగం మానెయ్, రేపు పోలీసు కేసొస్తే ఎవరు తిరుగుతారు’ అంటున్నారు. తప్పు నాదేనా?
– ఓ సోదరి, బెంగళూరు

జవాబు: పోస్టు తీసేయడంలో మీ తప్పు లేదమ్మా. రాత్రి నిద్రపోవడంలో అసలే లేదు. అందరి ముందూ హెచ్చరించడం మాత్రం పొరపాటు. అది అల్లుడిగారు కాకపోయినా పొరపాటే. నలుగురిలో మాట పడ్డవాడు తన పోస్టు సంగతి మరిచిపోయి పరువు సంగతే పట్టుకుంటాడు. పైగా అడ్మిన్ ఏదైనా తీసేస్తే ఆ స్థానంలో తీసేసినవారి పేరు అందరికీ కనిపిస్తుంది. ఆ గుర్తే చాలు. కారణం మాత్రం ఆయనకు విడిగా రెండు వాక్యాల్లో పంపాల్సింది.

ఇక ‘మీవాళ్లకో రూలు’ అన్న మాట. మీ గ్రూపులో రోజుకు 150 మెసేజీలు వస్తాయనుకుందాం. ఒక్కోటి చదివి తేల్చడానికి అర నిమిషం చొప్పున వేసినా గంటంబావు. వంట, ఆఫీసు, పిల్లల చదువుల మధ్య ఒక్క మనిషి రోజూ అంతసేపు కాపలా కాయలేదు. కాబట్టి కొన్ని దొరుకుతాయి, కొన్ని జారిపోతాయి. ముందే చెప్పి ఉంటే జారిపోవడం పక్షపాతంగా కనిపించదు. చెప్పలేదు కాబట్టి, ఆ రోజు జారింది మీ ఇంటివాళ్లది కాబట్టి, అలా కనిపించింది. గ్రూపులో ఒక్కసారి రాయండి: ‘ఆ పోస్టు తొమ్మిది గంటలు ఉండిపోయింది, నేను నిద్రలో ఉన్నాను. ఇకపై రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా ఎవరూ చూడరు.’ ఆపైన వాదనకు దిగకండి.

చుట్టాల విషయం మీరు తేల్చకూడదు. ఇంకో ముగ్గురిని అడ్మిన్లుగా తీసుకోండి, వాళ్లలో మీ ఇంటిపేరు గానీ మీ ఊరు గానీ లేనివాళ్లు ఇద్దరైనా ఉండాలి. మీ బంధువు పోస్టు పెడితే వాళ్లు చూస్తారు, వాళ్ల బంధువుది మీరు చూస్తారు. ఎవరైనా ‘నాది అన్యాయంగా తీసేశారు’ అంటే, తీసినవారు కాకుండా వేరొకరు రెండు రోజుల్లో చెబుతారు. ఎవరిది, ఏ నియమం, ఏం చేశాం అని మీలో మీరు ఒక చిన్న పట్టిక పెట్టుకోండి. మూడు నెలల తర్వాత ‘నన్నే ఎందుకు’ అని ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద ఆధారపడక్కర్లేదు.

పదిహేను రోజుల్లో ఎవరూ ముందుకు రాలేదా? అప్పుడు నియమాలు తగ్గించండి. చూసే చేతులు ఎన్నో అన్నే నియమాలు ఉండాలి. ప్రకటనలకు వేరే గ్రూపు పెట్టేస్తే శనివారం గొడవే ఉండదు. ఆసక్తి ఉన్నవాళ్లు అక్కడ చేరతారు, మిగతావాళ్లకు బెడద తప్పుతుంది. అసలు గ్రూపులో ప్రకటనలు, కన్నడ–తెలుగు తగవులు, పార్టీల ఫార్వర్డులు నిషేధం. ఈ మూడూ చాలు. ఈ మూడు ముక్కలూ పిన్ చేయండి, కానీ పిన్ గరిష్ఠంగా 30 రోజులే నిలుస్తుంది. మళ్లీ పెట్టే పని ఒకరికి అప్పగించండి, లేకపోతే రెండో నెలలో ‘మాకెవరు చెప్పారు’ మొదలవుతుంది.

రాత్రిపూట అడ్మిన్లే రాసేలా గ్రూపు మూసేయొచ్చు కదా అంటారు. మూసినవారే గుర్తుపెట్టుకుని పొద్దున తెరవాలి. పైగా అర్ధరాత్రి రక్తం కావాలని అడిగేవాళ్ల నోరూ మూతపడుతుంది. నేనైతే వద్దంటాను.

మీవారి భయం సంగతి. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ అయినంత మాత్రాన నేరం అంటుకోదని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఉమ్మడి ఉద్దేశం ఉంటే, అంటే మీరూ కలిసి చేయించి ఉంటే, అప్పుడు వేరు. ఇవి కర్ణాటక హైకోర్టు తీర్పులు కావు, పోలీసులు అడిగితే జవాబు చెప్పాల్సిందే. అందుకే బెదిరింపు, అసభ్యమైన బూతు లాంటివి కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాతే తొలగించండి. పిల్లలపై అశ్లీలమైనది మాత్రం ఫోన్‌లో ఉంచుకోకూడదు, ఎవరికీ పంపకూడదు, నేరుగా సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. డబ్బు మోసమైతే పోగొట్టుకున్నవారిని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. దర్యాప్తు మీ పని కాదు.

ఒక మాటలో మాత్రం మీవారిది న్యాయమే. పొద్దస్తమానం గ్రూపు కోసం ఫోన్ పట్టుకుంటే ఇంట్లోవాళ్లకు విసుగే. సాయంత్రం ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర మీ వంతు, ఆ తర్వాత ఫోన్ హాల్లో. ఆరు నెలలకు మానేస్తానని ఇప్పుడే చెప్పండి. కోపంలో మాత్రం ఇవాళే గ్రూపు వదిలి బయటికి రాకండి. ఒక్కరే అడ్మిన్ ఉండి వెళ్లిపోతే వాట్సాప్ తనకు తోచిన సభ్యుణ్ణి అడ్మిన్ చేస్తుంది. ఆ పదవి ప్లాట్లవారికే దక్కొచ్చు.

ఆడపడుచు ఇంటికి ఈ ఆదివారం మీరే వెళ్లండి. మెసేజీ వద్దు, మీవారిని రాయబారం పంపొద్దు. ‘అన్నయ్యగారూ, అందరి ముందూ అలా రాయకుండా ఉండాల్సింది, క్షమించండి. పోస్టు మాత్రం శనివారమే’ అనండి. మొదటి వాక్యానికీ రెండోదానికీ మధ్య ‘కానీ’ పెట్టకండి. అత్తగారికి ముందే ఫోన్ చేసి ‘వెళ్తున్నానత్తయ్యా’ అని చెప్పండి.