మా అమ్మాయి యునెస్కోలో పనిచేస్తానంటోంది, డబ్బు కట్టమంటారా?

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర పల్లె. చిన్న కిరాణా దుకాణం ఉంది. మా అమ్మాయి మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది, హిస్టరీ ప్రధాన సబ్జెక్టు. ముడుమాల్ నిలువురాళ్లు యునెస్కో జాబితాలో చేరాయని పేపర్లో వచ్చినప్పటి నుంచి, పనిచేస్తే యునెస్కోలోనే పనిచేస్తానంటోంది. తెలిసినాయన ఒకరు, ఢిల్లీలో యునెస్కో జాతీయ కమిషన్‌లో పోస్టులు ఉన్నాయి, అరవై వేలు కడితే పెట్టిస్తానంటున్నాడు. ఐడీ కార్డు కూడా చూపించాడు. మా ఆవిడేమో బీఈడీ చేయిస్తే చాలంటోంది. ఏం చేయమంటారు? మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. వాడికి ఇందులో ఏమైనా ఉందా?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఒక్క రూపాయి కూడా కట్టకండి. యునెస్కో తన ఉద్యోగాలకు దరఖాస్తు దగ్గర్నుంచి ట్రైనింగ్ దాకా ఏ దశలోనూ ఫీజు తీసుకోదు. ఖాళీలన్నీ దాని సొంత వెబ్‌సైట్‌లోనే కనిపిస్తాయి, దరఖాస్తు కూడా అక్కడే చేయాలి. ఇక ఐడీ కార్డంటారా, దాన్ని ఏ జిరాక్స్ షాపులోనైనా తయారుచేయించుకోవచ్చు. మీరు ఇప్పటికే ఆన్‌లైన్‌లో ఎంతోకొంత పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి. తెలిసినాయనే కదా అని మొహమాటపడకండి.

ఆయన చెప్పిన జాతీయ కమిషన్ మాత్రం నిజంగానే ఉంది. అది కాస్త తెలుసుకుంటే ఆయన మాట ఎందుకు నమ్మకూడదో మీకే అర్థమవుతుంది. 1945లో లండన్‌లో యునెస్కో రాజ్యాంగం రాసుకున్నప్పుడే, ప్రతి సభ్యదేశం తన విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక రంగాల వాళ్లను ఈ సంస్థతో కలిపే ఏర్పాటు ఒకటి చేసుకోవాలని, వీలైతే దానికి జాతీయ కమిషన్ పెట్టుకోవాలని అందులో చేర్చారు. మన దేశం 1949లో తాత్కాలిక కమిషన్, 1951లో శాశ్వత కమిషన్ ఏర్పాటు చేసింది. అది కేంద్ర విద్యాశాఖలో భాగం. విద్యాశాఖ మంత్రే దానికి అధ్యక్షుడు. పారిస్‌లోని యునెస్కో ప్రధాన కార్యాలయం నుంచి వచ్చే ప్రతిపాదనల మీద ఇక్కడి మంత్రిత్వ శాఖల అభిప్రాయాలు సేకరించడం, నిపుణుల పేర్లు పంపడం, యునెస్కో పేరునూ లోగోనూ ఎవరు పడితే వాళ్లు వాడకుండా చూడడం లాంటివి దాని పనులు.

అక్కడ కూర్చునేది ప్రభుత్వ అధికారులు. యూపీఎస్సీ ద్వారానో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష ద్వారానో సర్వీసులోకి వచ్చి, విద్యాశాఖలో పోస్టింగ్ పడి, ఆ విభాగానికి చేరినవాళ్లు. కమిషన్‌కంటూ విడిగా ఒక ఎంపిక పరీక్ష లేదు. లేని పోస్టును ఆయన మీకెలా ఇప్పిస్తాడు?

ఇప్పుడు అమ్మాయి సంగతి. ఊరి పక్కనున్న రాళ్లను చూసి ప్రపంచస్థాయి పని చేయాలనుకుందంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. మన పాలమూరు పిల్లలు ఎక్కువమంది హిస్టరీని గ్రూప్స్ కోసమే చదువుతారు. ఈ అమ్మాయి సబ్జెక్టు మీద ఇష్టంతో అడుగుతోంది. ఆ ఇష్టాన్ని చంపకండి. కాకపోతే జాబితా అంటే ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియాలి.

ముడుమాల్ పేరు 2025 మార్చిలో చేరింది తాత్కాలిక జాబితాలో. వీటిని ముందు ముందు ప్రపంచ వారసత్వ హోదాకు ప్రతిపాదించాలనుకుంటున్నాం అని మన ప్రభుత్వమే ఇచ్చుకున్న జాబితా అది. హోదా ఇంకా రాలేదు. పేరు చేరాక కనీసం ఏడాది ఆగితే గాని పూర్తి ప్రతిపాదన పంపడానికి లేదు, పైగా ఒక దేశం నుంచి ఏడాదికి ఒక్క ప్రతిపాదననే పరిశీలిస్తారు. రామప్పనే చూడండి. 2014లో వేయిస్తంభాల గుడి, వరంగల్ కోటలతో కలిపి తాత్కాలిక జాబితాలోకి వెళ్లింది. తర్వాత రామప్పను ఒక్కదాన్నే ముందుకు తీసుకెళ్లారు. 2021 జులై 25న హోదా వచ్చింది. మన పోచంపల్లి 2010లో దేశంలోని చీరల నేత కేంద్రాల్లో ఒకటిగా తాత్కాలిక జాబితాకెక్కి, ఇప్పటికీ అక్కడే ఉంది. మధ్యలో 2021లో పోచంపల్లికి వచ్చిన ఉత్తమ పర్యాటక గ్రామం గుర్తింపు ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఇచ్చింది, యునెస్కోది కాదు. చాలామంది రెండింటినీ కలిపేసి చెబుతుంటారు. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా మీ అమ్మాయి అలా కలిపేస్తే పోయేది ఆమె మార్కులే.

తాత్కాలిక జాబితాకూ అసలు హోదాకూ మధ్య చాలా పని ఉంటుంది. మీ అమ్మాయికి ఉద్యోగం దొరికే చోటు అదే అని నా నమ్మకం. ముడుమాల్‌నే తీసుకోండి. కృష్ణ ఒడ్డున పది పన్నెండు అడుగుల రాళ్లు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య చిన్న రాళ్ల వరసలు ఉన్నాయి. కొన్ని వరసలు సూర్యుడి ఉదయాస్తమయాల దిక్కుకు సరిపోతాయని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి చూసి రాశారు. ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి, అవి సప్తర్షి మండలంలా కనిపిస్తాయి. ఊరివాళ్లు ఒక రాయిని నిలురాళ్ల తిమ్మప్పగా మొక్కుతారు. ఇదంతా ప్రతిపాదనలోకి ఎక్కాలంటే ఎన్ని చేతులు కావాలో లెక్కేయండి. ప్రతి రాయినీ కొలిచి నంబరు వేసి మ్యాపు మీద పెట్టాలి. చుట్టూ రక్షిత హద్దులు, వాటి బయట బఫర్ జోన్ (అదనపు రక్షణ కోసం ఉంచే మేర) గీయాలి. గీసేముందు ఆ చేన్ల రైతులతో కూర్చుని మాట్లాడాలి. తిమ్మప్ప గురించి పెద్దవాళ్లు చెప్పే కథలు రికార్డు చేసి రాయాలి. రాబోయే ఏళ్లలో ఈ చోటును ఎవరు, ఏ డబ్బుతో, ఎలా చూసుకుంటారో ప్రణాళిక చూపాలి.

అన్నిటికన్నా కష్టమైనది పోలిక అధ్యాయం. ఇలాంటి రాళ్లు ప్రపంచంలో ఇంకెక్కడెక్కడ ఉన్నాయి, వాటికి లేనిది వీటికి ఏముంది అన్నది రుజువులతో రాయాలి. కొరియాలోని డోల్మెన్లకు, అంటే పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధులకు, 2000లోనే హోదా వచ్చింది. ఫ్రాన్స్‌లో కార్నాక్ రాళ్లకు 2025లో వచ్చింది. రేపు ముడుమాల్ గురించి రాసేవాళ్లు కార్నాక్ గురించి క్షుణ్ణంగా చదవక తప్పదు. దాని మీద మంచి పరిశోధన చాలావరకు ఫ్రెంచిలోనే ఉంది. అందుకే మీ అమ్మాయిని ఇవాళ్టి నుంచే ఫ్రెంచి మొదలుపెట్టమంటాను. యునెస్కో రోజువారీ పని జరిగే రెండు భాషల్లో అదొకటి కూడా. మొదట్లో ఫోన్లో ఉచితంగా నేర్చుకున్నా సరిపోతుంది. హైదరాబాద్ చేరాక ఫ్రెంచి నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్‌లోనో, ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో పార్ట్‌టైమ్ కోర్సులుంటే అక్కడో చేరవచ్చు.

చదువు విషయానికొస్తే, డిగ్రీ అయ్యాక ఎంఏ తప్పనిసరి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హిస్టరీ సీటుకు సీయూఈటీ పీజీ రాయాలి. ఆ పరీక్ష మామూలుగా మార్చిలో జరుగుతుంది కాబట్టి దరఖాస్తు చివరి సంవత్సరంలో ఉండగానే చేయాలి, ఫలితాలొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోతుంది. ఉస్మానియాలో ప్రాచీన భారత చరిత్ర, పురావస్తు విభాగం ఉంది, దానికి సీపీగెట్ అనే ప్రవేశపరీక్ష. రెండూ రాయించండి. ఎంఏ తర్వాత గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు శాఖ నడిపే పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. సీట్లు తక్కువ గాని స్టైపెండ్ ఇస్తారు, తవ్వకాల్లో నేరుగా పని నేర్పిస్తారు. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీకి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. పురావస్తు శాఖలో అధికారి పోస్టులు యూపీఎస్సీ ద్వారా వస్తాయి. మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి, క్యూజీఐఎస్ లాంటి ఉచితమైనదే, ఎంఏలో ఉండగా నేర్చుకుంటే హిస్టరీ విద్యార్థుల్లో ఆమెది వేరే స్థాయి అవుతుంది.

పారిస్ దాకా వెళ్లలేమా అంటే వెళ్లొచ్చు. కానీ డిగ్రీ పట్టా చూసి తీసుకునే చోటు కాదది. అంతర్జాతీయ హోదా పోస్టుకు మాస్టర్స్, పైన కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. యువ నిపుణుల పథకం ఒకటి ఉంది, దానికి వయసు 32 దాటకూడదు, అభ్యర్థుల పేర్లు జాతీయ కమిషన్ల ద్వారానే వెళ్తాయి. ఉద్యోగుల సంఖ్యలో తన వాటా నిండని దేశాలకే ఆ అవకాశం ఇస్తారు కాబట్టి ఆ ఏడాది మన దేశం ఆ లెక్కలో ఉందో లేదో చూసుకోవాలి. ఇంటర్న్‌షిప్ అయితే ఎంఏ చదువుతుండగానే ప్రయత్నించవచ్చు. ఢిల్లీలో యునెస్కో ఆఫీసు 1948 నుంచీ ఉంది. అక్కడ భారతీయులకే కేటాయించిన పోస్టులు కొన్ని ఉంటాయి, అవి మనకు మరింత దగ్గరి దారి.

మీ ఆవిడ మాట తీసిపారేయకండి. ఈ రంగంలో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి రావచ్చు. ఇంట్లో టెన్షన్ పెరిగేది అప్పుడే. ఎంఏ అయ్యాక బీఈడీ, టెట్ పూర్తిచేసి పెట్టుకుంటే గురుకులాల్లో, ప్రభుత్వ బడుల్లో సోషల్ టీచరు పోస్టుకు అర్హత ఉంటుంది. కానీ డిగ్రీ కాగానే బీఈడీలో చేర్పించి ఎంఏ మాన్పించడానికి నేను ఒప్పుకోను. వరస మారిస్తే ఆమె మళ్లీ ఎంఏకు వెనక్కి రావడం కష్టం.

ఈ సెలవుల్లో ఒక పని చెప్పండి. ముడుమాల్ రాళ్ల గురించి ఊరి పెద్దలు చెప్పేవి ఫోన్లో రికార్డు చేసి, ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కన రాసి, నోటుబుక్కులో ఎక్కించమనండి. మీ వైపు పెద్దలు తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి వెళ్లిపోతుంటారు. వాళ్లు అన్నది అన్నట్టే రాయమనండి, సరిదిద్దొద్దు. రాళ్లను మాత్రం తాకడం, కదపడం, ముగ్గుతో గుర్తులు పెట్టడం చేయొద్దు. ఆ నోటుబుక్కుతో నేరుగా ఏదైనా యూనివర్సిటీ ఆచార్యుల దగ్గరికి వెళ్లవచ్చు.

అబ్బాయి విషయం చిన్నదే. యునెస్కో కింద సముద్ర విజ్ఞాన సంఘం ఒకటి పనిచేస్తుంది. అది సమన్వయం చేసే ఏర్పాటులో హిందూ మహాసముద్ర దేశాలకు సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రాల్లో ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది, ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్. 2004 సునామీ తర్వాత 2007లో ఆ హెచ్చరికల కేంద్రం మొదలైంది. భూభౌతికశాస్త్రం, సముద్రశాస్త్రం, కంప్యూటర్లు చదివినవాళ్లకు అక్కడ పని ఉంటుంది. నీటి శాస్త్రం కూడా యునెస్కో పెద్ద కార్యక్రమాల్లో ఒకటి. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు చూస్తూ పెరిగిన మన జిల్లాల పిల్లలకు ఆ సబ్జెక్టు ఎందుకు చదవాలో విడిగా చెప్పాల్సిన పనిలేదు. ఇంజినీరింగే చేస్తానంటే సివిల్ తీసుకుని తర్వాత హైడ్రాలజీలోకి వెళ్లవచ్చు, బీఎస్సీ అయితే జియాలజీ ఉన్న కాలేజీ చూడండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు వచ్చాక రాయండి, అప్పుడు కాలేజీల పేర్లతో సహా మాట్లాడుకుందాం.