పాత బండి అంటే రిపేరుకు పూచీ ఉండదా?

సందేహం: నాది 2011 మోడల్ ఆటోమేటిక్ కారు. గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే ఆయిల్ పైపు తుప్పుపట్టి కారుతుంటే, మెకానిక్ ఆ ముక్క కోసేసి రబ్బరు హోస్ వేసి క్లిప్పులు బిగించాడు. నెల తిరక్కుండానే హైవే మీద హోస్ ఊడి ఆయిలంతా పోయింది. ఇప్పుడు గేర్ వేసినా బండి కదలడం లేదు. ‘పాత బండికి గ్యారంటీ ఏంటి’ అంటున్నాడు. బిల్లు ఇవ్వలేదు. డబ్బు యూపీఐలో పంపాను. కేసు వేయవచ్చా?

– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: వేయవచ్చు. డబ్బు తీసుకుని చేసిన రిపేరు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సేవే. సరిగా చేయకపోతే అది సేవాలోపం. గ్యారంటీ లేదన్నంత మాత్రాన నిర్లక్ష్యానికి బాధ్యత తప్పదు. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు, వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే చాలావరకు సరిపోతుంది.

కేసంతా ఒక్క ప్రశ్న మీదే నిలుస్తుంది: ఆయిల్ పోయింది అతను వేసిన అతుకు దగ్గరేనా? అందుకే ఊడిన హోస్‌ను, క్లిప్పులను దయచేసి పారేయకండి. హోస్ మీద అచ్చయిన అక్షరాలను దగ్గరగా ఫొటో తీయండి. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ కూలర్ హోస్‌కు, వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ పెట్టిన జె1532 అనే ప్రమాణం ఉంది. మామూలు నీళ్ల గొట్టమైతే ఆ వేడికి, ఆయిల్‌కు మెత్తబడిపోతుంది. కోసిన పైపు మొననూ చూడండి. అంచు ఉబ్బెత్తుగా చేయకుండా నున్నగా వదిలేస్తే, క్లిప్పు ఎంత బిగించినా హోస్ జారే ప్రమాదముంది. గేర్‌బాక్స్ విప్పకముందే మరో వర్క్‌షాప్‌లో తనిఖీ చేయించి, కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ఇది లేకుండా కేసు వేయమని నేను చెప్పను.

ఎదుటి పక్షం కచ్చితంగా అడిగేది ఒకటుంది: ఆయిల్ పోయాక కూడా బండి నడిపారా? గేర్ జారుతున్నా ఇంటిదాకా లాక్కొచ్చి ఉంటే, నష్టంలో కొంత మీ మీదే పడుతుంది. వెంటనే ఆపి టోయింగ్ చేయించి ఉంటే ఆ రసీదు జతచేయండి.

ముందు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. స్పందన లేకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అయితే కొత్త గేర్‌బాక్స్ ధర అడగకండి, ఇన్నేళ్లు తిరిగిన బండికి అంత రాదు. గేర్‌బాక్స్ బాగుచేసే ఖర్చు, టోయింగ్, మెకానిక్‌కు ఇచ్చిన డబ్బు, మానసిక వేదనకు కొంత పరిహారం కోరండి.