ఎర్ర బటన్ నొక్కే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

బోటుకి కొత్త వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు పెట్టించావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మంచి పని చేశావు. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఆ మర్నాడు తెల్లారేసరికి సోనాపూర్ బోట్లన్నీ మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటేస్తాయి, అప్పుడు ఇవన్నీ చదివే తీరిక నీకుండదు. ఇప్పుడే సెట్టు ముందు కూర్చుని చదువు.

"ఏదైనా అయితే ఎర్ర బటన్ నొక్కేస్తాను" అన్నావట. నొక్కితే ఏం వెళ్తుందో తెలుసా? నీ గొంతు వెళ్లదు. నీ బోటు నంబరు, నువ్వున్న చోటు, ఆ చోటు తాలూకు టైము, ఏ ఆపదో ఎంచుకుంటే అది. ఇంతే, 70వ ఛానల్ మీద డిజిటల్‌గా పోతుంది. మనకిదే మేలు. మన దగ్గర సముద్రం మీద ఒక బోటులో తెలుగు, పక్క బోటులో ఒడియా, దూరాన పోయే ఓడలో మనకి తెలియని భాష. అంకెలకి ఆ గొడవ లేదు. కానీ ఆ అంకెలు ముందే సెట్టులో ఉండాలి.

నంబరంటే ఎంఎంఎస్‌ఐ, బోటు రేడియోకిచ్చే గుర్తింపు నంబరు. తొమ్మిదంకెలు, మన దేశపు బోటుకైతే 419తో మొదలవుతుంది. అది ఎక్కించకపోతే డిజిటల్ పిలుపు అసలు పనిచేయదు. లైసెన్సు కాగితం మీదున్న నంబరూ, తెర మీదున్న నంబరూ ఒకటేనా, అంకె అంకె పోల్చు. చాలా సెట్లు ఒకటి రెండుసార్లకి మించి మార్చనివ్వవు, అందుకని ఎక్కించేటప్పుడే జాగ్రత్త. పాత బోటు నుంచి విప్పిన సెట్టు చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే వద్దను. అందులో ఆ బోటు నంబరే ఉంటుంది. నువ్వు మునుగుతుంటే వాళ్లింటికి ఫోన్ వెళ్తుంది.

ఇక చోటు. సెట్టుకి జీపీఎస్ ఉందో లేదో చూడు. లేకపోతే విడి జీపీఎస్ నుంచి వైరు లాగించు. గోపాల్‌పూర్ దగ్గర నిలబడితే తెర మీద ఉత్తరం 19 డిగ్రీల 15 నిమిషాల చిల్లర, తూర్పు 84 డిగ్రీల 54 నిమిషాల చిల్లర కనిపించాలి (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). అంకెల పక్కన టైము కదులుతుండాలి. జీపీఎస్ పాడైతే చేత్తో ఎక్కించొచ్చు గానీ, బోటు కదిలే కొద్దీ అది పాతబడిపోతుంది, కనీసం నాలుగు గంటలకోసారి మార్చాలి.

ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది. తెర మీద 15.50 అంటే పదిహేనున్నర నిమిషాలు, పదిహేను నిమిషాల యాభై సెకన్లు కాదు. అలా తప్పు చదివితే ఆరు వందల మీటర్లు తేడా వస్తుంది. రాత్రిపూట నీళ్లలో ఉన్న మనిషికి ఆరు వందల మీటర్లంటే ఎంతో నీకు చెప్పక్కర్లేదు. మైకులో చెప్పేటప్పుడు "ఒకటి ఐదు పాయింట్ ఐదు సున్నా" అని ఒక్కో అంకె విడిగా చెప్పు. కుర్రాళ్లందరికీ ఈ అంకెలు ఇంగ్లీషులో కూడా పలకడం నేర్పు.

ఏంటెనా ఎంత ఎత్తుంటే అంత దూరం. రెండు ఫైబర్ బోట్ల మధ్య ఎనిమిది పది మైళ్లకి మించి ఆశ పెట్టుకోకు. ఒడ్డున పెద్ద టవరుంటే పాతిక దాకా అందొచ్చు. కేబుల్ చివర ఇత్తడి జాయింటు విప్పి చూడు, పచ్చగా చిలుము పట్టి ఉంటే కొత్తది వేయించి టేపు గట్టిగా చుట్టు. బ్యాటరీని అడుగున పెట్టకు, నీళ్లు ముందు చేరేది అక్కడికే. సెట్టుని పూర్తి పవర్‌లో, అంటే 25 వాట్ల మీద, పెట్టి మైకు నొక్కినప్పుడు కేబిన్ లైటు మసకబారిందంటే బ్యాటరీ పని అయిపోయినట్టే.

నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు మూత ఎత్తి బటన్ అయిదు సెకన్లు, అంటే బీప్ మారేదాకా, నొక్కి పట్టు. జవాబు వచ్చేదాకా సెట్టే నాలుగు నిమిషాలకోసారి మళ్లీ పంపుతుంది. నొక్కి ఊరుకోవద్దు, మాటల కోసం ఉన్న 16వ ఛానల్‌లో "మేడే" (ప్రాణాపాయంలో ఉన్నామనే పిలుపు) మూడుసార్లు అని బోటు పేరు, నంబరు, చోటు, ఏమైందో, ఎంతమంది ఉన్నారో చెప్పు. సముద్రం నెమ్మదిగా ఉండి ఇంజన్ ఒక్కటే ఆగితే మాత్రం బటన్ జోలికి పోకు, 16లో పక్క బోటుని పిలువు.

పొరపాటున నొక్కుడు పడిందా, జరిమానా భయంతో సెట్టు కట్టేసి కూర్చోకు. ఆపి, వెంటనే మళ్లీ వేసి, 16లో అందరికీ వినబడేలా రద్దు చెప్పు. లేకపోతే కోస్ట్‌గార్డ్ ఓడ నీకోసం వెతుకుతూ ఉంటుంది, అదే టైములో ఇంకెవడో మునుగుతుంటాడు.

ఇంకొకడి పిలుపు నీ సెట్టులో మోగితే, డిజిటల్‌గా జవాబు కొట్టకు. కొడితే అతని సెట్టు పంపడం ఆపేస్తుంది, ఒడ్డుకి అది ఇంకా అంది ఉండకపోవచ్చు. చోటు కాగితం మీద రాసుకో, 16లో విను. ఒడ్డు నుంచి ఎవరూ పలక్కపోతే అప్పుడు మాటతో జవాబిచ్చి బయల్దేరు.

దారి విషయంలోనూ సెట్టు పనికొస్తుంది. మీ తమ్ముడి బోటు నంబరు ఎక్కించుకుంటే, వాడి సెట్టుని అడిగి వాడెక్కడున్నాడో తెర మీద చూడొచ్చు. పొగమంచులో అరుచుకుంటూ వెతుక్కునే బాధ తప్పుతుంది. ఇది ముందు ఒడ్డునే ఇద్దరూ చేసి చూడండి. మెనూలో టెస్ట్ కాల్ అని ఉంటుంది, దానితో ఒకటి రెండుసార్లు చేసి చూడండి, ఎర్ర బటన్‌తో మాత్రం వద్దు.

లైసెన్సు నకలు ఒకటి మీ అమ్మ దగ్గర ఉంచు. దాని వెనక బోటు రంగు, ఎక్కేవాళ్ల పేర్లు, కోస్ట్‌గార్డ్ నంబరు 1554 రాయి. నువ్వు తిరిగొచ్చే టైము దాటితే ఆవిడ ఫోన్ చేస్తుంది, చదివి చెప్పడానికి ఆ కాగితం కావాలి.

మీ మావయ్య
బరంపురం