నాలుగేళ్ల చదువు, ఒక్క లాప్‌టాప్

కాలేజీలు తెరిచే రోజులు కదా, ఈ నెల ఉత్తరాలన్నీ లాప్‌టాప్‌ల మీదే వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి నాలుగు ఏరి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయికి విజయనగరంలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది, కంప్యూటర్ సైన్స్. ఈ ఏటి జీడిపిక్కల డబ్బులోంచి 55 వేలు తీసి పక్కన పెట్టాను. ఒక షాపాయన ఏ లాప్‌టాప్ అయినా మూడేళ్లే అంటాడు. ఇంకొకాయన ఏడేళ్లు ఢోకా లేదంటాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక రైతు, పలాస మండలం

జవాబు: ఇద్దరూ సగం సగం నిజం చెప్పారు. లాప్‌టాప్ అంతా ఒకేసారి పాడవదు. సైకిల్‌కి టైరు ముందు అరుగుతుంది, తర్వాత చైను, ఫ్రేము మాత్రం ఏళ్లతరబడి ఉంటుంది. ఇదీ అంతే. మదర్‌బోర్డు, ప్రాసెసర్ నీళ్లు తగలకుండా, మరీ వేడెక్కకుండా చూసుకుంటే ఏడెనిమిదేళ్లు పనిచేస్తాయి. బ్యాటరీ రోజూ వాడే విద్యార్థి చేతిలో రెండున్నర, మూడేళ్లకు నీరసిస్తుంది. చార్జర్ వైరు పిన్ను దగ్గర మడతపడి తెగుతుంది. కాబట్టి ఐదేళ్లని లెక్క వేసుకోండి. మధ్యలో ఒక బ్యాటరీ, బహుశా ఒక చార్జర్ మార్చాల్సి వస్తుందనీ అనుకోండి. 55 వేలూ షాపులో పెట్టేయకండి. ఐదు వేలు ఆ బ్యాటరీ కోసం ఉంచండి.

మంచి లాప్‌టాప్ కూడా మూడో ఏడాదికే ‘ముసలిది’ అయిపోవడానికి పెద్ద కారణం ర్యామ్, అంటే తెరిచిన ప్రోగ్రాములన్నీ ఒకేసారి నడవడానికి కావాల్సిన తాత్కాలిక మెమరీ. మొదటి ఏడాది సీ ప్రోగ్రాములకు 8 జీబీ చాలు. తర్వాత ఫోన్ యాప్‌లు తయారు చేసే ఆండ్రాయిడ్ స్టూడియో, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, పక్కన డేటాబేస్ ఒకేసారి తెరవాల్సి వస్తుంది. ఆండ్రాయిడ్ స్టూడియోను దాని ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్ తెర మీదే ఫోన్‌లా పనిచేసే ప్రోగ్రాం) కలిపి వాడాలంటే కనీసం 16 జీబీ కావాలని దాన్ని తయారు చేసినవాళ్లే చెబుతారు. పైగా పలచటి మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకోవడానికి వీలుండదు. షాపులో మొదట అడగాల్సింది ఇది: “ర్యామ్ ఎంత? ఖాళీ స్లాట్ ఉందా?” 8 జీబీతో ఐ7 ప్రాసెసర్ కంటే 16 జీబీతో ఐ5 గానీ రైజెన్ 5 గానీ మీ అమ్మాయికి ఎక్కువ కాలం పనికొస్తుంది. ఈ విషయంలో మాకు రెండో మాట లేదు. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లన్నీ దాచుకునే డ్రైవు) 512 జీబీ తీసుకోండి. అది అరిగిపోతుందేమోనని బెంగ వద్దు. విద్యార్థి వాడకానికి అది అరిగేలోపు మిగతావన్నీ పాతబడతాయి.

డబ్బు ఇచ్చే ముందు లాప్‌టాప్ చేతిలోకి తీసుకుని చూడండి. కీబోర్డు నడిమధ్య బొటనవేలితో నొక్కితే లోపలికి దిగబడకూడదు. మూత మధ్యలో ఒక్క వేలుతో ఎత్తితే కింది భాగం బల్లమీంచి కాస్త లేచినా ఫర్వాలేదు గానీ, మూలల్లో కిర్రుమనకూడదు. మెరిసే రంగు, టచ్‌స్క్రీన్ కోసం పెట్టే డబ్బుతో మూడేళ్ల వారంటీ వస్తుందేమో అడగండి.

ఇంకొకటి అమ్మాయికి చెప్పండి. మూత మూసి అలాగే బ్యాగులో పడేసి పలాస నుంచి విజయనగరం రైల్లో వెళ్తే ఒక్కోసారి అది బ్యాగులోనే మేలుకుని, గాలాడక కాగిపోతుంది. ప్రయాణానికి ముందు షట్‌డౌన్ చేయాలి. హాస్టల్లో పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడినా అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. పెద్ద సైజు అట్ట గానీ, పలక గానీ కింద పెట్టుకుంటే చాలు. రెండేళ్లకోసారి అడుగు మూత విప్పించి ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, ప్రాసెసర్ వేడిని లాగేసే పేస్టు ఎండిపోయి ఉంటుంది, దాన్ని మార్పించాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోమనండి. లేకపోతే విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పోతుంది.

ప్రశ్న: నా లాప్‌టాప్‌కి మూడేళ్లు. నిండా చార్జి పెట్టినా 50 నిమిషాలే వస్తోంది. ఈ మధ్య టచ్‌ప్యాడ్ కాస్త పైకి లేచింది, క్లిక్ పడటం లేదు. రెండూ వేర్వేరు రిపేర్లా?
– పాలిటెక్నిక్ విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: కావు, రెండిటికీ మూలం ఒకటే. మీ బ్యాటరీ ఉబ్బింది. టచ్‌ప్యాడ్ దాని మీదే ఉంటుంది కాబట్టి పైకి తోసేస్తోంది. ఈ రోజే వాడటం ఆపండి. చార్జింగ్ పెట్టకండి, టచ్‌ప్యాడ్‌ను లోపలికి నొక్కి సరిచేయాలని చూడకండి. లోపల పొరలు దెబ్బతింటే మంట పుడుతుంది. అడుగు మూత విప్పించి బ్యాటరీ తీయించండి. తీసినదాన్ని చెత్తకుండీలో వేయకుండా, పాత బ్యాటరీలు తీసుకునే సర్వీస్ సెంటర్‌లోనే ఇచ్చి రండి.

లిథియం బ్యాటరీలు సాధారణంగా 300 నుంచి 500 సైకిళ్లకు తమ మొదటి సామర్థ్యంలో 80 శాతానికి దిగుతాయి. సైకిల్ అంటే వంద శాతం చార్జి ఖర్చు కావడం. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒకటి. ఉబ్బడానికి అసలు కారణం వేడి, ఎప్పుడూ వంద దగ్గరే ఉంచడం. ఆ రెండూ కలిస్తే లోపలి ద్రవం విరిగి వాయువు పుడుతుంది. కొత్త బ్యాటరీ వేశాక, కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో చార్జిని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టుకోండి. లెనోవోలో దాన్ని కన్జర్వేషన్ మోడ్ అంటారు.

బ్యాటరీ ఇంకా ఉబ్బని వాళ్లకు ఒక పరీక్ష. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే నల్ల కిటికీ) తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 45,000, ఫుల్ చార్జ్ కెపాసిటీ 27,000 అని ఉంటే మీ బ్యాటరీలో మిగిలింది 60 శాతం. సగానికి దగ్గరపడితే మార్చే వేళయినట్టే.

ప్రశ్న: మాది కళింగపట్నం, సముద్రం ఒడ్డునే ఇల్లు. చార్జింగ్‌లో ఉన్నప్పుడు లాప్‌టాప్ రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటోంది. యూఎస్‌బీ రంధ్రంలో పచ్చటి మరక కూడా కనిపిస్తోంది.
– డిగ్రీ విద్యార్థిని

జవాబు: జివ్వుమనడానికి కారణం చాలావరకు ఎర్త్ లేకపోవడమే. అడాప్టర్ లోపల ఒక చిన్న కెపాసిటర్ ద్వారా కొద్దిపాటి కరెంటు రేకు మీదకు వస్తుంది. అది ఎర్త్ దారిలో పోవాలి. ఆ దారి లేకపోతే మీ చేతిలోంచి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌కి గుచ్చి వాడుతుంటే ముందు అది మానండి. తర్వాత ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ప్లగ్గులో ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూడమనండి. న్యూట్రల్‌తో వెలిగినంత కాంతిగా వెలగాలి. ఇసుక నేలలో పై పొర తొందరగా ఎండిపోతుంది, ఎర్త్ బలహీనపడుతుంది. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వేసవిలో నీళ్లు పోస్తుండాలి. జివ్వుమనడం కాక గట్టిగా షాక్ కొడితే మాత్రం ఆ అడాప్టర్ ఇక ముట్టుకోకండి.

పచ్చటి మరక ఉప్పు గాలికి రాగి తిన్న గుర్తు. పవర్ తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిపించండి. లాప్‌టాప్‌ను సముద్రం వైపు కిటికీ దగ్గర ఉంచకండి. వాడనప్పుడు సిలికా జెల్ సంచులు వేసిన మూత ఉన్న పెట్టెలో పెట్టండి. సెలవుల్లో కూడా వారానికి రెండుసార్లు గంటసేపు ఆన్ చేయండి. ఆ వేడికి లోపలి చెమ్మ పోతుంది.

ప్రశ్న: కీబోర్డు మీద టీ ఒలికింది. తుడిచి, బియ్యం డబ్బాలో ఒక రాత్రి ఉంచాను. నాలుగు రోజులు బాగానే పనిచేసింది. ఐదో రోజు అసలు ఆన్ కాలేదు. నెలాఖరుకి ప్రాజెక్టు ఇవ్వాలి.
– బీటెక్ చివరి ఏడాది, రాజాం

జవాబు: మీ కంగారు అర్థమైంది. ఫైళ్లు దొరికే అవకాశం బాగానే ఉంది. ముందు ఎందుకు ఆగిందో చూడండి. బియ్యం తడిని పెద్దగా లాగదు, టీలోని పాలు, పంచదార అసలే లాగదు. నీరు ఆరినా ఆ జిగురు బోర్డు మీద ఉండిపోయి, కరెంటు పారుతున్న చోట సన్నటి గీతల్ని మెల్లగా తినేస్తుంది. నాలుగు రోజులు పట్టింది అందుకే. ఒలికిన క్షణానే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేసి, చార్జర్ లాగి, కీబోర్డు కిందికి ఉండేలా గుడారంలా బోర్లించి, అలాగే షాపుకి పట్టుకెళ్లాల్సింది. ఇప్పటికీ బోర్డు విప్పి ఆల్కహాల్‌తో కడిగిస్తే కొన్ని లేస్తాయి.

అయితే బోర్డు రిపేరు కోసం ఆగకండి. అడుగు మూత విప్పితే ఎస్‌ఎస్‌డీ చూయింగ్ గమ్ ముక్కంత ఉంటుంది, ఒక్క స్క్రూ. చాలా మోడళ్లలో ఊడి వస్తుంది. ఎన్‌వీఎంఈ రకమో, సాటా రకమో చూసి దానికి సరిపడే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డ్రైవును బయటి నుంచి తగిలించే చిన్న డబ్బా) పెట్టి స్నేహితురాలి లాప్‌టాప్‌కి తగిలించండి. విండోస్ 11 అయితే బహుశా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. భయపడకండి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఫోను నుంచి లాగిన్ అయితే పరికరాల పేజీలో బిట్‌లాకర్ (డ్రైవుకు విండోస్ వేసే తాళం) కీ కనిపిస్తుంది. ఆ అంకెలు కొట్టగానే డ్రైవు తెరుచుకుంటుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌ను మొదట ఒక పెన్‌డ్రైవ్‌లోకీ, తర్వాత గూగుల్ డ్రైవ్‌లోకీ కాపీ చేశాకే ఆ ఎస్‌ఎస్‌డీని మెకానిక్ చేతికివ్వండి.