గడిలో పట్టని జవాబు

సైదాపేట, చెన్నై

చిరంజీవి హారికకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి పది దాటాక మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే నాకు గుండె దడ అని మీ ఇంట్లో అందరికీ తెలుసు, అయినా చేస్తారు. "అక్కా, బంగారంలాంటి ఉద్యోగం వదిలేసి సినిమాలూ సీరియళ్లూ చదువుతానంటోంది, అదీ మీ ఊళ్లోనే" అని ఒకటే ఏడుపు. నేనే నేర్పించానన్నట్టు మాట్లాడింది. సర్దిచెప్పి పడుకున్నాను గానీ తెల్లవారేదాకా కన్ను మూతపడలేదు. ముప్ఫై ఏళ్లు ఈ పాఠాలే చెప్పినదాన్ని. మన ఇంట్లోంచి ఎవరైనా ఇటు వస్తారని ఎదురుచూడటం మానేసి కూడా చాలాకాలమైంది.

నువ్వు పంపిన దరఖాస్తు వ్యాసం రెండుసార్లు చదివాను. పాశ్చాత్యుల కళ్లద్దాలు తీసేసి మన మాధ్యమాలనూ సంస్కృతినీ చదవాలంటున్నావు. మంచిదే. నాలుగు పేజీల్లో పదకొండుమంది పండితుల పేర్లు లెక్కపెట్టాను. మామూలు మనిషి ఒక్కరూ కనబడలేదు. సినిమాహాల్లో ఈల వేసేవాడు లేడు, రేడియో వింటూ బియ్యం ఏరుకునే ఆవిడ లేదు. పడమటివాళ్లను తిట్టడానికి మాటలు కూడా పడమటి నుంచే అరువు తెచ్చుకున్నావు కదే!

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. తమిళం మాట్లాడితే చాలదు, చదవడం నేర్చుకో. తరమణిలో రోజా ముత్తయ్య గ్రంథాలయం ఉంది. పెద్ద పుస్తకాలకంటే ముందు అక్కడి పాటల పుస్తకాలు, కరపత్రాలు అడిగి చూడు. ఎగ్మూరులో కన్నెమరా గ్రంథాలయం సరేసరి. పడమటివాళ్లు తూర్పును ఎలా చిత్రించారో రాసిన సయీద్‌నూ, జనం మాధ్యమాలను ఎలా అర్థం చేసుకుంటారో రాసిన స్టువర్ట్ హాల్‌నూ పూర్తిగా చదువు, సారాంశాలు కాదు. యునెస్కో వేసిన మెక్‌బ్రైడ్ సంఘం 1980 నాటి నివేదిక కూడా. లోకంలో వార్తలు ఎవరి చేతిలోంచి ఎవరికి వెళ్తున్నాయన్న గొడవంతా అందులో ఉంది. ఆ సంఘంలో నవలలు రాసే మార్క్వెజ్ కూడా సభ్యుడంటే మా విద్యార్థులు నమ్మేవాళ్లు కాదు.

మద్రాసు మనకు పరాయి ఊరని మీ నాన్న అన్నాడట. ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది 1914లో, ఇక్కడే. చందమామ 1947 జూలైలో, ఇక్కడే. మీ నాన్న చొక్కా చింపుకుని చూసిన సినిమాలు వడపళనిలో తయారయ్యాయని చెప్పు. తెలుగు మాధ్యమాలకు ఇది పుట్టిల్లు.

ఇక ఈ ఉత్తరం దేనికి రాస్తున్నానో ఆ సంగతి. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెలకు టీవీ చూపించారు. ఉపగ్రహ టీవీ బోధన ప్రయోగం అది, ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో సైట్ అనేవాళ్లు. కోళ్లగూటికి కట్టేలాంటి ఇనుపవలతో చేసిన పెద్ద గొడుగు బయట, టీవీ పెట్టె లోపల. సాయంత్రమైతే ఊరంతా చాపలు తెచ్చుకుని కూర్చునేవాళ్లు. తెలుగులో సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఒక అరగంట మాత్రం దేశమంతటికీ కలిపి హిందీ.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ పల్లెల్లో ఆడవాళ్లను ప్రశ్నలడగడానికి తెలుగు వచ్చిన అమ్మాయి కావాలని ఒక పరిశోధన బృందం వెతుకుతుంటే నేను దొరికాను. నా మద్రాసు తెలుగు విని ఊళ్లో పిల్లలు వెనకాల నడుస్తూ అనుకరించేవాళ్లు. చేతిలో అచ్చేసిన ప్రశ్నల కాగితాలు, భుజాన సంచి. ఆ వయసులో నాకంటే గొప్ప పరిశోధకురాలు భూమ్మీద లేదు.

ఆ కాగితంలో తొమ్మిదో ప్రశ్న: "మిమ్మల్ని ఒక పత్రికకు సంపాదకురాలిని చేస్తే ఏం చేస్తారు?" ఆ ప్రశ్న మా బృందానిది కాదు. డేనియల్ లెర్నర్ అనే అమెరికన్ పండితుడు 1958లో అచ్చయిన పుస్తకంలో టర్కీ, ఈజిప్టు, ఇరాన్ లాంటి దేశాల జనాన్ని అడిగించిన ప్రశ్నల్లో ఒకటి. తనను సంపాదకుడి కుర్చీలో ఊహించుకోగలిగినవాడు ఆధునికుడు, ఊహించుకోలేక తెల్లబోయినవాడు పాతకాలపువాడు అని లెక్క. మావాళ్లు దాన్ని తెలుగు చేసి నా చేతికిచ్చారు. పక్కన మూడు గడులు: స్పష్టమైన జవాబు, అస్పష్టం, జవాబు లేదు.

ఒక అరుగు మీద అరవై ఏళ్ల ఆవిడ వేరుశనక్కాయలు ఒలుస్తోంది. అడిగాను. ముందు నవ్వింది. "నాకు చదువే రాదు, పత్రిక ఏం చేసుకోనమ్మా" అంది. నేను కలం తీసి గడి వైపు వంగాను. ఆవిడ ఆగలేదు. "ఆ పెట్టె సంగతి అడుగు, చెప్తాను. బుర్రకథలో కథకుడికి పక్కన వంతలుంటారు కదా. వాళ్లు 'అదెలా?' అంటారు, 'ఆపవయ్యా నీ గొప్పలు' అంటారు. మేము అడగలేనిది వాళ్లు అడుగుతారు. ఈ పెట్టెలో మనిషికి వంత ఏడీ? ఊఁ కొట్టేవాడు లేకుండా తనపాటికి తను చెప్పుకుపోతాడు. వింటున్నామో నిద్రపోతున్నామో వాడికేం తెలుసు?" ఆ తర్వాత కూడా చాలాసేపు మాట్లాడింది. తనకే ఆ పెట్టె అప్పగిస్తే వంతగా ఎవరిని కూర్చోబెడుతుందో చెప్పింది. మా ఊళ్లో ఫలానావాళ్లని, ఎందుకంటే అని.

ఐదింటికి బస్సు. ఇంకా పదకొండు కాగితాలు నింపాలి. అడిగింది పత్రిక గురించి, ఈవిడ చెప్తున్నది బుర్రకథ గురించి. "జవాబు లేదు" గడిలో టిక్కు పెట్టి పదో ప్రశ్నకు వెళ్లిపోయాను. వంతగా ఎవరిని కూర్చోబెడతానందో నాకు గుర్తులేదు. యాభై ఏళ్లుగా తవ్వుకుంటూనే ఉన్నాను, గుర్తు రావడం లేదు. రాసుకుని ఉంటే రెండు వాక్యాలు పట్టేది.

పదేళ్ల తర్వాత తరగతిలో బోర్డు మీద పాఠం గీస్తున్నాను. ఇటు చెప్పేవాడి గడి, అటు వినేవాడి గడి, మధ్య బాణం. వినేవాడి స్పందనకు వెనక్కి ఇంకో చిన్న బాణం గీయాలి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. వంత ఎక్కడ కూర్చుంటాడు ఈ బొమ్మలో? అతను చెప్పేవాడా, వినేవాడా? జనం నోటిని తీసుకెళ్లి వేదిక మీద కూర్చోబెడితే దాన్ని ఏ బాణంతో గీయాలి? పిల్లలు చూస్తున్నారు. దగ్గు వచ్చినట్టు నటించి మంచినీళ్లకు బయటికి వెళ్లాను.

ఇంకొకటి కూడా అప్పుడే వెలిగింది. ఆ ఊళ్లో కుటుంబ నియంత్రణ కార్యక్రమాల గురించి అడిగితే ఇంటింటా "మాకు తెలియదమ్మా" అన్నారు. కాగితాల నిండా తెలియదు, తెలియదు అని నింపాను. అది ఎమర్జెన్సీ కాలం. ఆపరేషన్ల భయంతో జనం వణికిపోతున్న రోజులు. పట్నం నుంచి కాగితాలు పట్టుకుని వచ్చినదానికి ఇంకేం చెప్తారు? వాళ్లకు అన్నీ తెలుసు. తెలియనిది నాకే.

అందుకే నిన్ను బతిమాలుతున్నాను. ఎవరైనా ప్రశ్న దాటి మాట్లాడుతుంటే అడ్డుపడకు. వాళ్ల మాట వాళ్ల భాషలో, వాళ్ల వరుసలో రాసుకో. ఇంగ్లిష్‌లోకి ఆ రాత్రే మార్చేయకు, మర్నాడు కూడా మార్చకు. రికార్డు చేస్తున్నాను కదా అని కలం మూసేయకు. ఫోనులో ముఖం ఉండదు, చేతిలో వేరుశనక్కాయ ఉండదు. రాసిన పుస్తకాన్ని నేల మీద పెట్టెలో దాచకు. 2015 డిసెంబరులో అడయారు నది పొంగి మా ఇంటి కింది గదిలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. నా ఇరుగుపొరుగు పోగొట్టుకున్నదాని ముందు నాది లెక్కలోది కాదు. కానీ బురదలోంచి తీసిన పుస్తకాలను మేడ మీద ఆరబెడితే సిరా అంతా కలిసిపోయి ఒకే నీలిరంగు. అప్పటి నుంచి వాన చప్పుడు వింటే నేను ముందు అలమర పై అరలు చూసుకుంటాను. నీకిది చాదస్తంగా తోస్తుంది. తోచనీ.

నీ వ్యాసం చివర నాట్యశాస్త్రంలోని రస సిద్ధాంతం తెచ్చావు. దాని మీద నాకు గౌరవమే. కానీ లెర్నర్ గడుల్ని చెరిపేసి ఆ చోట నాట్యశాస్త్రం గడులు గీస్తే మార్పేముంది? ఆవిడ జవాబు అందులోనూ పట్టదు. సంస్కృతంలో ఉంది కాబట్టి మనది, ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి వాళ్లది అనుకునేవాళ్లతో నేను చాలా టీలు తాగాను. వాళ్లలో ఎక్కువమంది అరుగు ఎక్కి ఎవరినీ అడగలేదు. నువ్వు అలా కావని తెలిసే కోప్పడుతున్నాను.

హాస్టల్లో ఉంటావని మీ అమ్మ చెప్పింది. నేనున్న ఊళ్లో హాస్టలా? సరే, నీ ఇష్టం, నీ వయసులో నేనూ అదే చేసేదాన్ని. శనివారం రాత్రి భోజనానికి మాత్రం ఇక్కడికి రావాలి. నీ పుస్తకాలకు పై అర ఒకటి ఖాళీ చేసి ఉంచాను.

వచ్చేలోగా ఒక పని చెయ్యి. మీ నానమ్మగారు రాత్రి సీరియల్ చూస్తూ టీవీతో మాట్లాడతారు కదా, "వాణ్ణి నమ్మకే పిచ్చిదానా" అని, "అదెలా జరుగుతుందిరా" అని. పక్కన కూర్చుని వారం రోజులు ఆ మాటలన్నీ రాసి తీసుకురా. ఆవిడకు చెప్పి రాయి, చాటుగా రాస్తే దొంగతనం. చెప్పావంటే మొదటి రెండు రోజులు నీ కోసం మర్యాదగా మాట్లాడతారు. అవి కూడా రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ