పెద్ద కుక్కను చూసి పిల్ల అన్నీ తనే నేర్చేసుకుంటుందా?

"ఇంట్లో ఐదేళ్ల లాబ్రడార్ ఉంది. మూడు నెలల వీధి కుక్కపిల్లను తెచ్చుకుంటున్నాం. పెద్దదాన్ని చూసి చిన్నది దానంతటదే నేర్చుకుంటుందా, విడిగా ట్రైనింగ్ ఇవ్వాలా?" అని అడిగారు.

నేర్చుకుంటుందండీ, కానీ మీరు కోరుకున్నవి కాదు. కాలింగ్ బెల్ మోగగానే తలుపు దగ్గరికి ఉరికి మొరగడం రెండు రోజుల్లో పట్టేస్తుంది. పిలిస్తే రావడం, కూర్చోమంటే కూర్చోవడం మాత్రం పట్టదు. ఉరకడంలో, అరవడంలో దానికి అప్పటికప్పుడే సరదా దొరుకుతుంది. కూర్చున్నందుకు దొరికేది మీ చేతిలోంచే రావాలి. పెద్దదాని నోట్లోకి వెళ్లిన చికెన్ ముక్క వల్ల పిల్లకు ఒరిగేదేమీ లేదు. అందుకే పిల్ల రావడానికి ఒక నెల ముందు నుంచే పెద్దదాని దురలవాట్ల మీద పని మొదలుపెట్టండి. గొలుసు లాగే కుక్క ఒకటైతే ఆపగలరు, రెండూ కలిసి లాగితే ఆపలేరు.

పిల్లను తెచ్చిన రోజే రెండింటినీ ఒక గిన్నె దగ్గర నిలబెట్టి ఫొటో తీసేవాళ్లను చూస్తే నాకు భయం. వీధి నుంచి వచ్చిన పిల్లలో పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బులు పైకి కనిపించకుండా ఉండొచ్చు. పెద్దదాని టీకాలు గడువులో ఉన్నాయో లేదో చూసుకుని, కనీసం 14 రోజులు పిల్లను వేరే గదిలో ఉంచండి. గిన్నెలు వేరు, గుడ్డలు వేరు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. 30 వంతుల నీళ్లలో 1 వంతు బ్లీచ్ కలిపి, తుడిచిన నేలను పది నిమిషాలు తడిగా ఉంచాలి. డాక్టరు పరవాలేదన్నాక, ఒకదాని పడక గుడ్డ ఇంకోదాని గదిలో వేస్తే ముఖాలు చూడకముందే వాసన పరిచయమవుతుంది.

మొదటిసారి కలపడం ఇంటి హాల్లో వద్దు, అది పెద్దదాని సొంత చోటు. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో దించకూడదు కాబట్టి మేడ మీదో, తెలిసినవాళ్ల పెరట్లోనో కలపండి. ఇద్దరు మనుషులు, రెండు గొలుసులు, రెండూ వదులుగా. పది పదిహేను అడుగుల ఎడంతో ఒకే దిశలో నడిపిస్తూ ఆ ఎడం తగ్గించుకుంటూ రావాలి. మూడు సెకన్లు వాసన చూసుకోనిచ్చి పేరు పెట్టి వెనక్కి పిలవండి. ముందు కాళ్లు వంచి వెనక భాగం లేపితే ఆటకు పిలుస్తున్నట్టు. ఒళ్లు బిగిసి, తోక నిక్కబొడిచి, రెప్ప వేయకుండా చూస్తుంటే ఆ పూటకు ఆపేయాలి.

పేర్ల విషయం చాలామంది పట్టించుకోరు. సోనూ, మోనూ అని పెడితే ఏది పిలిచినా రెండూ తల తిప్పుతాయి, లేదా రెండూ తిప్పడం మానేస్తాయి. పేరులో మొదటి శబ్దం, చివరి శబ్దం రెండూ వేరుగా ఉండాలి.

ఇక అసలు పాఠం. మొదటి మూడు వారాలు పిల్లకు ఒంటరిగానే, పెద్దది తలుపు అవతల ఉండగా చెప్పాలి. తిండికి ముందు, రోజుకు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి మూడు నుంచి ఐదు నిమిషాలు. శనగగింజంత ఉడికిన చికెన్ ముక్కలు చాలు. ఉప్పు, మసాలా వద్దు, ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. పెట్టినంత మేర భోజనంలో తగ్గించండి.

తర్వాతే రెండింటినీ ఒక గదిలోకి తేవాలి. పెద్దదాన్ని అది పడుకునే పట్టా మీద కూర్చోబెట్టి, పిల్లను ఆరడుగుల దూరంలో గొలుసుతో ఉంచండి. పేరు ముందు, మాట తర్వాత: "రాజా, సిట్." పేరు లేకుండా "సిట్" అంటే ఎవరికి చెప్పారో వాటికి తెలియదు. పిల్ల కూర్చోగానే దానికి ఒక ముక్క, వెంటనే పట్టా మీద కదలకుండా ఉన్న పెద్దదానికి రెండు. లెక్క తప్పు కాదు, నిజంగానే రెండు. ఎదురుగా ఇంకొకరు తింటుంటే కదలకుండా ఉండటం కూర్చోవడం కంటే కష్టమైన పని. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పిల్ల ముద్దుగా ఉందని దాని మీదే ధ్యాస పెడతారు, పెద్దది రెండు నిమిషాలు చూసి లేచి వచ్చి పిల్లను నెట్టేస్తుంది, అప్పుడు దాన్ని తిడతారు. తప్పు దానిది కాదు, ముక్క ఆలస్యమైంది. మళ్లీ పట్టా మీదకు పంపి, ఐదు సెకన్లకొకటి చొప్పున మొదలుపెట్టి, పది, ఇరవై సెకన్లకు పెంచండి.

పిల్ల చెవి కొరికితే పెద్దది గుర్రుమంటుంది. దయచేసి తిట్టకండి. అది "చాలు" అనే మాట. ఆ మాట నొక్కేస్తే తర్వాత హెచ్చరిక లేకుండా కరవొచ్చు. పిల్ల వినకపోతే మీరే పిల్లను పక్కకు తీసుకెళ్లాలి. "గుంపుకు నాయకుడెవరో తేల్చుకోనివ్వండి" అనే సలహా నాకు ఒళ్లు మంట. ఆ ఆలోచనకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ల మీద రాసిన పరిశీలన. అడవిలో తోడేళ్ల గుంపు అంటే తల్లీతండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని 1999లో తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్ స్పష్టంగా రాశాడు. అయినా ఆ పాత మాట పేరుతో మన దగ్గర కుక్కల్ని ఇంకా కొడుతున్నారు.

నిజంగా కొట్లాడుకుంటే మధ్యలో చెయ్యి పెట్టొద్దు. దుప్పటి విసరండి, బకెట్ నీళ్లు పోయండి. అప్పటికీ విడిపోకపోతే ఇద్దరు చెరొకదాని వెనక కాళ్లు పట్టుకుని వెనక్కి లాగాలి.

పెద్దది నిజంగా సాయపడేది ఒకటుంది, మూత్రవిసర్జన. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలోకి కాకుండా, పెరట్లోనో మేడ మీదో అది వెళ్లే చోటికే పిల్లనూ తీసుకెళ్తే వాసన పట్టుకుని అక్కడే కూర్చుంటుంది. మూడు నెలల పిల్లను పగలు రెండు గంటలకోసారి, నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక అక్కడికి తీసుకెళ్లండి. తిండి మాత్రం తలుపు వేసిన వేరు గదుల్లోనే పెట్టి, ఇరవై నిమిషాలకు గిన్నెలు తీసేయండి. మీరు ఇంట్లో లేనప్పుడు, ఎంత సఖ్యంగా కనిపించినా, మొదటి మూడు నెలలు రెండింటినీ ఒకే గదిలో వదలకండి.